మొదటి గుక్క

ఉపేందర్ సీసా మూత తీసి, నురగ పొంగే బీరును స్టీలు గ్లాసులో పోసి అత్త చాందీబాయి చేతిలో పెట్టాడు.

"మా చిన్న ఫ్యాక్టరీల చేసిందే, అత్తమ్మా. తాగి, బాగున్నదని ఒక్క మాట చెప్పు."

చాందీబాయి ముప్పై ఏళ్లు ఇప్పసారా కాచిన మనిషి. గ్లాసును మళ్లీ అల్లుడి ముందుకే జరిపింది.

"చేసినోడు ఒక గుక్క తాగినంకనే ఇంకొకరు ముట్టాలె. మన తండాల గదే పద్ధతి గద బిడ్డా."

"చేసింది మిషన్, అత్తమ్మా."

"అయితే మిషన్‌కే తాపు పో!" అని ఆమె పకపకా నవ్వింది.

అల్లుడు నవ్వలేదు. చెయ్యీ చాచలేదు. తాగమంటే వెనకాడే రకం కాదాయె అతను!

ఆమె గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ ఘాటు ఆమెకు తెలుసు. అదే ఘాటున్న సారా తాగిన మర్నాడు, ఆమె పెద్ద బావ కళ్లు తెరిచే ఉండి గుమ్మం కోసం తడుముకున్నాడు.

"ఏం కలిపినవ్?"

"కిక్కు చాలదంటే... జర స్పిరిట్. నాతోటి పనిచేసే రాజేశ్ నిన్న తాగిండు. ఇయ్యాల కండ్లు మసకగున్నయంటుండు."

అల్లుడు రుచి చూపించడానికి రాలేదు, ఆమె నోటితో 'ఏం కాదు' అనిపించుకోవడానికి వచ్చాడు.

"మిగిలిన సీసాలేవి?"

"కొడకండ్ల ఊర్ల పెండ్లికి పొద్దుగాల్నే పోయినయ్."

"ఫోన్ కొట్టు!"

మూడోసారికి ఎవరో ఎత్తారు. బ్యాండు మోతలో ఒక గొంతు సంతోషంగా అరిచింది.

"బావా, మస్తున్నది! అన్నీ ఖతం. ఇంకో వంద సీసాలు తోలు!"