కళ్ళు దిద్దని సిపాయిలు

"అంత చీకట్లో రంగులేస్తే కళ్ళు పోతాయండీ! అసలే షుగరు మనిషి. మీక్కూడా ఏదన్నా అయితే నేనేమైపోవాలి?" మూసిన తలుపు బయట నిలబడి భర్తతో అంది సీతారామలక్ష్మి.

లోపల గ్లాసు అంచు మీద కుంచె తట్టిన చప్పుడు. టిక్, టిక్.

అది కొడుకు శశిభూషణ్ గది. ప్లాస్టిక్ సిపాయిల్ని తనే అచ్చు పోసి రంగులు వేసేవాడు. కళ్ళు మాత్రం ఆఖర్న దిద్దేవాడు. "ముందే పెడితే నా తప్పులన్నీ చూసేస్తారమ్మా," అని నవ్వేవాడు. రేవులో పంటు పడవ దిగుతూ గోదావరిలో పడి అతను పోయేనాటికి పన్నెండు బొమ్మలు కళ్ళు లేకుండా మిగిలాయి.

నెల మాసికం అయిన దగ్గర్నుంచి రాత్రికొక బొమ్మకి కళ్ళు వస్తున్నాయి. కొడుకు పని తండ్రి పూర్తిచేస్తున్నాడని ఆమె చాటుగా ఏడ్చి ఊరుకుంది. ఇవాళ పన్నెండోది.

"పలకరేంటండీ?"

చప్పుడు ఆగింది.

ఆమె వెనక, చీకటి హాల్లోంచి భర్త సూర్యనారాయణమూర్తి గొంతు మెల్లగా వినిపించింది.

"లక్ష్మీ, నేనిక్కడున్నాను. ఆ కళ్ళు ఇన్నాళ్ళూ నువ్వే దిద్దుతున్నావనుకున్నానే."