పిన్నుల్లేని చీర

“పిన్స్ వద్దు ఆంటీ. ఒక్కటి కూడా.”

గిరిజకి ఒళ్లు మండింది. పిన్నులు లేకుండా చీర సర్దివ్వమని ఇంతవరకూ ప్లేనోలో ఏ మహాతల్లీ అడగలేదు.

వారమంతా ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో లెక్కలు చూస్తుంది. శని, ఆదివారాలు చీరలు సర్దుతుంది. కుచ్చిళ్లు, పైట మడతలు మనిషి కొలతకి తగ్గట్టు పెట్టి, పిన్నులు గుచ్చి, ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టి ఇస్తుంది. ఎవరైనా సరే ఐదు నిమిషాల్లో చుట్టుకుని ఫంక్షన్‌కి వెళ్లిపోవచ్చు. ఆ డబ్బు ఆమె సొంతం. దేనికి ఖర్చు పెట్టావని అడిగేవాళ్లు లేరు.

పోయినేడాది ఒకావిడ పిన్నులు తనే పీకేసుకుని, సీమంతం మధ్యలో కుచ్చిళ్లు ఊడిపోయాయని వాట్సాప్ గ్రూపులో గిరిజ పేరు పెట్టి మరీ రాసింది. ఆర్డర్లు ఆగిపోయాయి. పోయిన పేరు మళ్లీ తెచ్చుకునేసరికి గిరిజకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకొక్క చీర జారిందంటే ఈ పని మూసేసుకోవాల్సిందే.

ఇప్పుడు ఈ పిల్ల. పేరు దేదీప్య అట. ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లని మాటలోనే తెలుస్తోంది. నలిగిన స్వెట్‌షర్ట్, దువ్వని జుట్టు. ఇంట్లోకి వచ్చాక కూడా నల్ల కళ్లజోడు తీయలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

సంచిలోంచి ఆకుపచ్చ కంచిపట్టు చీర తీసింది. కొంగున పాత పసుపు మరక. పెళ్లి చీరని గిరిజ ఇట్టే పోల్చుకుంది.

“మీ అమ్మగారిదా? పెళ్లిరోజా?”

“ఫ్యామిలీ అందరూ వస్తున్నారు. టుమారో, లెవెన్‌కి.”

“ఆవిడకి చీర కట్టుకోవడం రాదా?”

“వచ్చు. మా ఇంట్లో అమ్మకే వచ్చు. ఈసారి వేరేవాళ్లు కడతారు.”

“మేకప్ ఆవిడా?”

“అలాంటివాళ్లే. పిన్స్ బదులు స్టిచ్ చేయండి.”

“పెళ్లి చీరకి కుట్లా? మీ అమ్మగారు ఊరుకుంటారా?”

“అమ్మ ఏమీ అనదు.”

పొడవు ఎంత పెట్టమంటావని అడిగింది గిరిజ. పాదాలు అస్సలు కనిపించకూడదంది. నడిస్తే కాళ్లకి అడ్డం పడుతుందమ్మా అంటే, పర్లేదంది. పర్లేదట. పడి పళ్లు రాలగొట్టుకునేది వాళ్లమ్మ, పేరు పోయేది గిరిజది.

అక్కడితో ఆగిందా? జాకెట్టు బల్ల మీద పడేసింది.

“దీన్ని బ్యాక్ సైడ్ కట్ చేయాలి. పై నుంచి కింది దాకా.”

“కోయడమెందుకు? బిగుతైతే పక్క కుట్లు విప్పితే సరిపోతుంది. నేను విప్పి ఇస్తాను.”

“నో. కట్ చేయండి.”

“ఒకసారి వీడియో కాల్ పెట్టు. అమ్మగారితో నేను మాట్లాడతాను.”

“అమ్మతో కుదరదు ఆంటీ,” అనేసి వెళ్లిపోయింది. థాంక్స్ అన్న మాట కూడా లేదు.

గిరిజ భర్త శశికాంత్ సోఫాలోంచి అంతా విన్నాడు. “ఇష్టం లేకపోతే తిప్పి పంపాల్సింది.”

“పంపితే ఇంకెవరో ఆ చీరని నాశనం చేస్తారు. బంగారం లాంటి చీర. ఈ పిల్లకి దాని విలువేం తెలుసు? ఇక ఆ తల్లి, కూతురి చేతికి చీర పడేసి, ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడటానికి కూడా తీరిక లేని మహారాణి.”

ఆ మధ్యాహ్నమంతా గొణుక్కుంటూనే చీర సర్దింది. అంత కోపంలోనూ కుచ్చిళ్లు కత్తిలా వచ్చాయి. కత్తెర పట్టుకుంది గానీ జాకెట్టు కోయడానికి చేతులు రాలేదు. ఆఖరికి తనకి తెలిసిన పద్ధతిలోనే చేసింది. పిన్నులు గుచ్చింది. పొడవు మడమల దగ్గర ఆపింది. కట్టుకున్నాక ఆ తల్లే దండం పెడుతుందనుకుంది.

ఆదివారం పొద్దున దేదీప్య వచ్చింది. అదే స్వెట్‌షర్ట్, అదే కళ్లజోడు. గుమ్మంలోనే పెట్టె మూత తీసి చూసింది.

“నో పిన్స్ అని చెప్పా కదా ఆంటీ. అక్కడ వాళ్లు ఒప్పుకోరు.”

“ఎవరా వాళ్లు? మేకప్ వాళ్లు చెబితే నేను పని మార్చుకోవాలా?”

“బ్లౌజ్ కూడా కట్ చేయలేదు. నాకు టైమ్ లేదు. చెప్పింది చేయడం అంత కష్టమా మీకు?”

గొంతు పగిలేలా అరిచింది. గుమ్మంలోనే చతికిలబడి పిన్నులు పీకడం మొదలుపెట్టింది. పట్టు చిరుగుతుందని గిరిజ పెట్టె లాక్కుని గుండెకి అదుముకుంది.

“చూడమ్మా, అక్కడ చీర జారితే గ్రూపులో నా పేరే రాస్తారు. పిన్నులు వద్దు, జాకెట్టు కోసెయ్ అని మీ అమ్మగారు నాతో ఒక్క మాట చెప్పాలి. ఆవిడ నోటితో చెబితే నీ కళ్లముందే కోసిస్తాను. అప్పటిదాకా ఈ పెట్టె నీ చేతికివ్వను. కన్నతల్లి చీర మీద నీకింత కక్షేమిటి?”

దేదీప్య చేతులు ఆగిపోయాయి. మెల్లగా కళ్లజోడు తీసింది.

“అమ్మకి లెవెన్‌కి క్రిమేషన్ ఆంటీ,” అంది, “ఫ్యూనరల్ హోమ్ వాళ్లకి శారీ కట్టడం రాదు.”