పిట్ట వాటా

నియాసా అడవిలో తేనె తీసినవాడు, తేనెపట్టుకు దారి చూపిన పిట్టకు మైనం ముక్కొకటి ఆకు మీద వదలాలి. ఆ సాయంత్రం అమాదీ వదల్లేదు. పిండగా మిగిలిన మైనమంతా మంటలో పారేశాడు. పిట్ట కొమ్మ మీంచి చూస్తూనే ఉంది.

"దాని వాటా కూడా ఎగ్గొట్టావా బావా?" అన్నాడు బామ్మర్ది చిసాలే.

"కడుపు మాడితేనే రేపు ఇంకో పట్టు చూపిస్తుంది. నోర్మూసుకుని పడుకో!"

చీకటి పడింది. నడుం వాల్చారో లేదో, దూరంగా పిట్ట కూత మొదలైంది. పొద్దుగూకాక అది కూయడం ఇద్దరూ ఏనాడూ వినలేదు.

"ఎవరినో వెంటబెట్టుకొస్తోంది బావా."

"ఈ అడవిలో మనం తప్ప ఎవడున్నాడ్రా?"

కూత దగ్గరైంది. దాని వెనకే ఎండుగడ్డి బరువుగా నలిగింది. పిట్ట కాసేపు ఆగి, వెనక వచ్చేది అందుకున్నాక మళ్లీ కూస్తూ ముందుకు ఎగురుతోంది. అమాదీని కూడా అది ఎప్పుడూ అలాగే నడిపించేది. చూపించాల్సిన చోటు వచ్చేదాకా కూత ఆపేది కాదు.

సరిగ్గా వాళ్ల నెత్తి మీది కొమ్మకు వచ్చి, పిట్ట కూత ఆపేసింది.