మూడు పూతలు

ముసలి మొసలిని నా చేతికిచ్చి చూడండి, గంటలో పెళ్లికూతుర్ని చేసిస్తాను. మేకప్‌లో అంత పేరున్న నేను ఆ మధ్యాహ్నం, రెండేళ్లుగా నా చేతి మేకప్‌తోనే స్టేజీ ఎక్కుతున్న ఓ రాక్ పాటగాడి మోచేతి మడతలో సూది గాట్లకి మూడు పూతలు పూస్తున్నాను. ఒక గాటు చీము పట్టి కంపు కొడుతోంది.

"తొందరగా కానీ పిన్నీ, వీళ్లక్క వచ్చేసింది," అన్నాడు మేనేజరు, ముక్కు మూసుకుని.

నేను పూత ముగించి పైన అత్తరు చల్లేసరికి అక్క వచ్చి తమ్ముడి చెయ్యి తిప్పి చూసింది.

"మత్తు మానేశావురా! చెయ్యెంత నున్నగా ఉందో! నిన్ను చేర్పిద్దామని ఆసుపత్రిలో మంచం మాట్లాడొచ్చాను. వద్దని చెప్పేస్తానుండు."

ఆవిడ ఫోన్ తీసింది. మేనేజరు నాకు కన్ను కొట్టాడు. ఆ చీము కంటే ఆ కన్నే నాకు రోతగా అనిపించింది.

"ఆగమ్మా," అని తడిగుడ్డతో పూతంతా తుడిచేశాను.

అక్క చూసింది.

"ఇంత పేరొచ్చింది కదరా, ఇంకేం తక్కువైంది నీకు?"

"తక్కువేం లేదక్కా," నవ్వాడు వాడు. "పేరు లేనప్పుడు ఏదడిగినా కాదనేవాళ్లు. ఇప్పుడు ఏదడిగినా తెచ్చిస్తున్నారు."

మేనేజరు పళ్లు కొరికాడు. "అరగంటలో స్టేజీ ఎక్కాలి. మళ్లీ పుయ్యి పిన్నీ!"

"పుయ్యను."

పాటగాడు తలెత్తి, కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూశాడు.

"ఆ మాట పోయినేడాదే అనుంటే బాగుండేది పిన్నీ," అన్నాడు.