కారుకు లారీ స్టీరింగు

సుంకన్న సుత్తి విసిరికొట్టాడు.

పొద్దున్నించీ ఆ స్టీరింగుతోనే కుస్తీ. ఓబుళరెడ్డి నల్లకారు దొరలు వాడి వదిలేసి పోయినది. డ్రైవరూ మెకానిక్కూ రెండూ సుంకన్నే. పోయిన వారం దాని స్టీరింగు చక్రం విరిగి రెండు ముక్కలైంది. ఎలా విరిగిందో తలచుకుంటేనే అతని ఒళ్లు మండిపోతోంది. రెడ్డి తోబుట్టువు పెద్దక్క, కారు కిటికీలోంచి పలుపు దూర్చి బర్రెను స్టీరింగుకు కట్టేసింది. బర్రె ఒక్క గుంజు గుంజింది. అంతే.

"బర్రెను కట్టేకి నీకు ఇంకేమీ దొరకలేదా పెద్దక్కా?"

"కొట్టంలో ఉత్తగనే నిలబడుకోని ఉండాది గదా అని కట్టినా. విరుగుతాదని నాకేం తెలుసప్పా?" ఆమె కళ్లలో నీళ్లు.

సుంకన్న మళ్లీ సుత్తి అందుకున్నాడు. లోపల రెడ్డి కోడలు నాగలక్ష్మమ్మకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. పోయినసారీ ఇంతే. ఎద్దులబండిలో బయల్దేరితే, ఆ గుంతల దారిలో కుదుపులకు బిడ్డ దక్కలేదు. ఆత్మకూరు డాక్టరమ్మ ఈసారి ముందే చెప్పింది, బండి ఎక్కించొద్దు, మెత్తటి సీటు మీద పడుకోబెట్టి తీసుకురండి అని. ఊరు మొత్తానికి మెత్తటి సీటు ఈ కారులోనే ఉంది.

కొత్తగా రాజధాని అయిన కర్నూల్లో దొరకనిది లేదంటారు. ఈ కారుకు స్టీరింగు మాత్రం దొరకలేదు. పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగితే చివరికి ఒక లారీది చేతికొచ్చింది. అది బిగించాలంటే విరిగినది ఊడి రావాలి కదా! నట్టు తుప్పుపట్టి కూర్చుంది. కిరసనాయిలు పోశాడు, బాదాడు, బూతులు తిట్టాడు. వేళ్ల మీద తోలు లేచిపోయింది కానీ నట్టు కదల్లేదు. దానికి తోడు తోటలో బావికాడ ఇంజను, డుగుడుగుమని ఒకటే మోత.

"ఆ ఇంజనన్నా ఆపించు రెడ్డీ. తలకాయ పగిలిపోతాండాది."

"దాన్ని ఆపితే మళ్లా లేస్తాదా? మిరపతోట ఎండిపోతాది. నీ పని కానీ సుంకన్నా, నీకు దండం పెడతా."

లోపల్నించి నాగలక్ష్మమ్మ కేక వినబడింది. సుంకన్న పిచ్చెత్తినట్టు లేచి, పానా మీద తన బరువంతా వేశాడు. నట్టు కిర్రుమంది. తిరిగింది.

లారీ స్టీరింగు బెజ్జం పెద్దదైంది. నూనెడబ్బా రేకు కత్తిరించి కడ్డీకి చుట్టి, చక్రాన్ని దానిమీద దిగ్గొట్టాడు. సీట్లో కూర్చుంటే అది కడుపుకు ఆనుతోంది. ఆనితే ఆనింది. తిప్పి చూశాడు. ముందు చక్రాలు బుద్ధిగా తిరిగాయి.

నాగలక్ష్మమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. పెద్దక్క ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది.

"ఈసారన్నా బిడ్డను దక్కించప్పా," అన్నాడు రెడ్డి, కారు తలుపు మూస్తూ.

"కుదుపు తగలనీను రెడ్డీ," అని సుంకన్న చక్రం గట్టిగా పట్టుకున్నాడు.

అతను "ఊఁ, పోనీండి" అనగానే, కరువొచ్చిన ఏడాది ఈ కారులోంచే ఊడదీసి బావికి బిగించిన ఇంజను అక్కడ డుగుడుగుమంటుండగానే, కారు రెండు జతల ఎద్దుల వెనక మెత్తగా కదిలింది.