నాలుగో ప్లగ్గు

“ఇదేంటి సార్, ఇంజనా, చలిజ్వరమా?” అన్నాడు కారు కొనడానికి వచ్చినాయన, బానెట్ మీద నుంచి చెయ్యి తీసేస్తూ.

షెడ్డులో పాత కారు నిలబడినచోటే గడగడా వణుకుతోంది. రెండు ఊపిర్లు తీసి రెండు మరిచిపోతున్నట్టుంది దాని వరస. అద్దాలు చిటచిటమంటున్నాయి. షెడ్డుకి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు సాయంకాలపు ముసురు తెరలా వేలాడుతోంది.

“మొన్నటిదాకా బాగానే ఉందండీ. కాస్త ఆగండి, చూస్తాను,” అని భర్త టార్చి భార్య చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచి బానెట్ ఎత్తాడు.

“చూసేదేముందిరా!” షెడ్డులోకి తెరుచుకునే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని బూడిదరంగు ఉన్నితో స్వెట్టరు అల్లుకుంటున్న అత్తగారు తలెత్తకుండానే అంది. “రేపు కొత్త కారు వస్తోంది. రెండు పట్టే షెడ్డా ఇది? ఈ డొక్కుని ఎలాగోలా అంటగట్టి పంపించు. నా నడుం బతికిపోతుంది.”

“అమ్మా, ఆయన వింటున్నాడు.”

“విననీ. నేనేమన్నా అబద్ధం చెప్పానా?”

పక్కన నిలబడ్డ భార్య టార్చి వెలుగుని ఇంజను మీద నుంచి కాస్త పక్కకి జరిపింది. పొద్దున అందరూ స్నానాల హడావుడిలో ఉండగా బానెట్ ఎత్తి, ఇంజనులో నిప్పు రాజేసే నాలుగు ప్లగ్గుల్లో రెండోదాని తీగను గోరంత పైకి లాగింది ఆమే. పెళ్ళయ్యాక ఆమె చేసిన మొదటి దొంగపని.

ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న గది ఈ కారే. మధ్యాహ్నం పని తెమిలాక వచ్చి, తాళం కూడా తిప్పకుండా స్టీరింగ్ ముందు కూర్చునేది. అద్దం మీది దుమ్ములో ఎండ బంగారు పొడిలా తేలేది. కళ్ళు మూస్తే చాలు, షెడ్డు గోడ పక్కకి జరిగి దారిచ్చేది. ఎవరికీ భోజనం వేళ కాని ఊళ్ళు, పేరు లేని వంతెనలు, కిటికీలో జుట్టంతా చెదరగొట్టే గాలి. ఒక్కోరోజు వెళ్ళేసరికి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు సీటు వెచ్చగా ఉండేది. ఎండ వల్ల కాబోలు అనుకునేది.

“టార్చి ఆర్పు,” అన్నాడు భర్త.

ఆర్పింది. చీకట్లో, ఇంజను పక్కన, ఒక నీలిరంగు చుక్క మెరిసింది. ఆరింది. మళ్ళీ మెరిసింది. వానకి తడవని మిణుగురు ఒకటి దారితప్పి అక్కడ చిక్కుకున్నట్టుంది. ఆమె రెప్ప వెయ్యలేదు. తన దొంగతనం ఇంత అందంగా ఉంటుందని ఆమెకి తెలియదు.

“దొరికింది. తీగ లూజయింది. కరెంటు లోపలికి పోకుండా బయటే దూకుతోంది.” అతను తీగను టక్కున నొక్కాడు. మిణుగురు మాయమైంది. ఆమెకి తన గది తలుపు ఎవరో మూసేసినట్టయింది.

కానీ ఇంజను ఇంకా వణుకుతూనే ఉంది. కాస్త తగ్గిందంతే.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆమె లాగింది ఒక్క తీగనే!

“జ్వరం దిగింది కానీ చలి పోలేదు సార్,” అన్నాడు వచ్చినాయన.

“షాకు కొట్టకుండా గిన్నెలు తోమే గ్లౌజులు పట్రా,” అన్నాడు భర్త. అవి తొడుక్కుని ఒక్కో ప్లగ్గు తీగా ఊడదీసి చూశాడు. మొదటిది తియ్యగానే ఇంజను కుంటింది. “ఇది పనిచేస్తోంది.” పెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది తీశాడు. ఏ మార్పూ లేదు. ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

“పడుకున్నది ఇదీ!”

గుమ్మంలో అల్లిక సూదుల చప్పుడు ఆగింది.

ఇంజను ఆపి, అతను ఆ తీగ చివరున్న రబ్బరు టోపీని టార్చి వెలుగుకి తిప్పి లోపలికి చూశాడు. చిటికెన వేలితో ఏదో బయటికి లాగాడు. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వాన ఒక్కసారి పెద్దదై మళ్ళీ చిన్నదైంది. చేతిలోది చొక్కా జేబులో వేసుకుని, టోపీని తొడిగీ తొడగనట్టు ప్లగ్గు మీద వదిలేశాడు. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ అదే వణుకు.

“వాల్వు పోయిందండీ,” అన్నాడు వచ్చినాయనతో. “ఇంజనంతా విప్పాలి. తెలిసి తెలిసి మీకిచ్చి పాపం మూటగట్టుకోలేను.”

“ముందే చెప్తే వానలో వచ్చేవాణ్ణి కాదుగా సార్!” ఆయన గొడుగు విప్పుకుని గొణుక్కుంటూ ముసురులో కలిసిపోయాడు.

అతను ఇంజను ఆపాడు.

“నిజంగా వాల్వేనా?” అడిగింది భార్య.

“నువ్వు ముందు ఆ వేళ్ళకున్న మసి కడుక్కో.”

ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. అతను నవ్వుతున్నాడు.

“రెండోది నేనే,” అంది తలవంచుకుని. “నాలుగోది మాత్రం నేను కాదండీ. ఒట్టు.”

“తెలుసు,” అని అతను జేబులో చెయ్యి పెట్టాడు. గుప్పిట ఇంకా విప్పనేలేదు.

“ఆ ఉన్నిముక్క ఇలా పడెయ్యరా,” అంది అత్తగారు తలెత్తకుండానే. “కాలరు దగ్గర ఒక వరసకి తక్కువొచ్చింది.”