ఆకుపసరు

"పెద్దాసుపత్రోలు సేతులెత్తీసినారు మావా. ఈ పుండుకి ఏ మందూ పనిసెయ్యదంట. ఇంక నీ ఆకుపసరే దిక్కు," అంటూ ధనలక్ష్మి మొగుడి కాలు అరుగు మీద పెట్టించింది.

నరసింగరావు కట్టు విప్పాడు. కుళ్లువాసన గుప్పుమంది.

"ఎందుకు పనిసెయ్యదంట?"

"మందులు అరకొరగా వాడీసినారు, అందుకే జబ్బు మొండికెత్తిందని డాట్రు కేకలేసినాడు. మేవెప్పుడు వాడినాం మావా? ఎవుళికి దెబ్బ తగిలినా నీ పసరే కదా! నొప్పి తగ్గితే కట్టు ఇప్పీడమే."

నరసింగరావు లోపలికి వెళ్లాడు. వంటింట్లో భార్య పైడమ్మ ఆకు నూరి, ఎప్పటిలాగే యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి, ఆ పొడిని పసరులో కలపబోతోంది. అతని వైద్యానికి రాజాం దాకా పేరు తెచ్చింది ఆ పొడే.

అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఎయ్యకు. ఉత్త ఆకే కడతాను."

"ఉత్త ఆకుతో మానుతాదేటి?"

బయట ధనలక్ష్మి మొగుడికి ధైర్యం చెబుతోంది.

"మా అయ్య కట్టీవోడు," అన్నాడు నరసింగరావు మెల్లగా. "నానెప్పుడూ కట్టి సూడనేదు."